లేచి నవ్వాలి

బుల్లి ముఖంలో జాలిశేషం మళ్లీ పెరిగింది, కొలమానంలో ముల్లు ఎర్రగీతకు దగ్గరైంది. హైమ తుడుపుకడ్డీని గాలిలో వెలుగుతున్న ఆ పసిముఖానికి ఆనించి, కనుకొలకుల నుంచి కిందికి లాగింది. అక్కడున్నది కన్నీరు కాదు. కన్నీటికి ముందు వచ్చే తడబాటు. కత్తి పట్టిన పిల్లలో అది కనిపిస్తే ప్రేక్షకుడు భయపడడు, బాధపడతాడు. బాధకు టిక్కెట్లు తెగవు.

స్టూడియోలో అంతస్తుకో హత్యాచిత్రం తయారవుతోంది. అన్నిటిలోనూ హంతకురాలు బుల్లే. వెలుగుతో అల్లిన ఆరేళ్ల ఛాయాబాలిక. ఒళ్లు ఎన్నో, బుద్ధి ఒక్కటే. చంపే నేర్పు పెరగాలి కనుక జ్ఞాపకాలు ఉంచుతారు. జాలి మాత్రం తుడిచేస్తారు.

"హైమత్తా, ఇందాకటి మామ్మ లేచిందా?"

హైమ చెయ్యి ఆగింది. చచ్చిన పాత్రలూ వెలుగుబొమ్మలే. షాట్ కాగానే ఆర్పేస్తారు. ఒక్కరైనా లేవడం బుల్లి చూడలేదు.

"అదంతా ఉత్తుత్తిదే అమ్మా."

"మరి లేవలేదేం?"

గాజుగదిలోంచి సూపర్‌వైజరు వరహాలు కేకేశాడు. "ఏటి హైమా, దానికి జోల పాడతన్నావేటి? ఇంకోపాలి జాలి మిగిలితే దాని బుద్ధి మొత్తం ఆర్పీమని పైనుంచి సెప్పేరు. తరవాత నన్ననకు!"

మనుషులు నటించిన రోజుల్లో హైమ నాన్న సింహాద్రి శవం వేషాలు వేసేవాడు. కాలేజీ గడప ఎవరూ తొక్కని ఇంట్లో, పదేపదే చచ్చి కూతుర్ని డిగ్రీ చదివించాడు. అప్పట్లో సెట్లో ఒక ఆనవాయితీ ఉండేది. చావు సీను కాగానే చచ్చినవాడు లేచి కెమెరా వైపు చూసి నవ్వాలి. నవ్వితే కీడు అంటదని నమ్మకం. హైమ ఊపిరి బిగబట్టి ఆ నవ్వు కోసమే చూసేది. ఆస్పత్రిలో నాన్న కళ్లు మూశాక కూడా అలాగే చూసింది, నర్సు వచ్చి దుప్పటి కప్పేదాకా.

ఆమె కడ్డీ పక్కన పెట్టింది.

"బుల్లీ, నన్ను పొడు."

"వద్దత్తా."

"పొడువమ్మా. చెప్తాగా."

వెలుగుకత్తి చల్లగానైనా తగలలేదు. హైమ నేలమీద పడి, నాన్నలాగే ఒక చెయ్యి చాచి కళ్లు మూసింది. జాలిశేషం ఎర్రగీత దాటింది. వరహాలు గాజు మీద బాదుతున్నాడు.

హైమ లేచి కూర్చుని కెమెరా వైపు చూసి నవ్వింది. చెంపలు తడిశాయి, అయినా నవ్వు ఆపలేదు.

బుల్లి కాసేపు నోరు తెరుచుకుని చూసి, కిలకిలా నవ్వేసింది. కొలమానం సున్నాకు పడిపోయింది.

"ఈ కిటుకేదో ముందే సెయ్యొచ్చుగా!" అన్నాడు వరహాలు.

షాట్ మొదలైంది. బుల్లి చేయి వణకలేదు. మళ్లీ వెలిగించిన మామ్మ కూలింది. కథ ప్రకారం బుల్లి తరవాతి హత్యకు మెట్లెక్కాలి. ఎక్కలేదు. కత్తి కింద పెట్టి మామ్మ పక్కన చతికిలబడింది.

"లే మామ్మా. అయిపోయింది. లేచి నవ్వు."

పై అంతస్తుల నుంచి ఫోన్లు మోగసాగాయి. అక్కడా కత్తులు కిందే ఉన్నాయి.

"తుడు హైమా! తుడిచీ!"

"తుడవడానికి ఏమీ లేదండీ. సున్నాయే ఉంది."

ప్రతి అంతస్తులో ఒక పిల్ల, ఒక శవం పక్కన, ముఖంలోకి వంగి చూస్తూ కూర్చుంది. ఎంతసేపు చూడాలో హైమ దానికి చెప్పలేదు. అది ఆమెకూ తెలియదు.