ఉత్తుత్తి ప్రశ్న

ఆ గదిలో మందులు లేవు, సూదులు లేవు, కత్తెరలు అసలే లేవు. ఒక మంచం, దాని మధ్యలో అడ్డంగా వేలాడే ఆకుపచ్చ తెర, తెరకి ఇవతల ఒక స్టూలు, ఒక నైలాను దారం. అంత పెద్ద ఆసుపత్రిలో రోగులు భయపడకుండా వచ్చే గది అదొక్కటే. బయట బోర్డు మీద పరిశోధన విభాగం అని ఉండేది గాని, ఆయాలు దాన్ని చక్కిలిగింతల గది అనేవాళ్ళు.

షుగరు జబ్బుతో పాదాలు మొద్దుబారిన వాళ్ళకి కొత్త మాత్ర ఇచ్చి, స్పర్శ తిరిగి వస్తోందో లేదో చూడడం అక్కడి పని. రోగి మంచం మీద పడుకుంటాడు. తన పాదాలు తనకి కనపడకుండా మోకాళ్ళ మీదుగా తెర దించుతారు. నర్సు ఇవతల స్టూలు మీద కూర్చుని, పిడికి బిగించిన నైలాను దారాన్ని అరికాలి మీద అది వంగేదాకా నొక్కి, "తగిలిందా?" అని అడుగుతుంది. తగిలితే "ఆ" అనాలి. తగలకపోతే "లేదు" అనాలి. ఇంతకంటే తేలికైన పరీక్ష ఇంకోటి ఉండదు.

కాకపోతే రోగులు మరీ మంచివాళ్ళు. డాక్టరుగారి మనసెందుకు కష్టపెట్టాలని తగిలినా తగలకపోయినా "ఆ" అనేస్తారు. అలాంటివాళ్ళని పట్టుకోవడానికి ఒక కిటుకుంది. మధ్యమధ్యలో దారాన్ని ఒళ్ళో పెట్టేసుకుని, ఏమీ ముట్టుకోకుండానే "తగిలిందా?" అని అడగాలి. పెద్ద డాక్టరు దానికి ఉత్తుత్తి ప్రశ్న అని పేరు పెట్టాడు. "ఉత్తుత్తి ప్రశ్నకి 'ఆ' అన్నవాణ్ణి అల్లుడుగా తెచ్చుకోవచ్చు గాని, పరిశోధనలో పెట్టుకోలేం," అనేవాడు. అన్న ప్రతిసారీ తనే ముందు నవ్వేవాడు. ఎవరూ లేని చోటికి అలా పదేపదే ప్రశ్న వెయ్యచ్చా అన్న అనుమానం ఆయనకి రాలేదు. ఎవరికీ రాలేదు.

ఆ స్టూలు మీద కూర్చునే నర్సుకి ఆమధ్యే భర్త పోయాడు. జ్వరమని పై అంతస్తు వార్డులో చేరి, ఆమె కింద డ్యూటీలో ఉండగానే కన్నుమూశాడు. ఆమె ఏడవలేదు. చూడ్డానికి వచ్చినవాళ్ళు కాసేపు ఎదురుచూసి, ఇక లాభం లేదనుకుని వెళ్ళిపోయారు. గుండె రాయి చేసుకుందని కొందరు, అసలు అది రాయేనని కొందరు అన్నారు. సెలవు అయిపోగానే ఆమె వచ్చి మళ్ళీ స్టూలు మీద కూర్చుంది. తింటోంది గాని రుచి తెలియడం లేదు. వేడి టీ గుక్క తాగితే, నాలుక కాలిందన్న సంగతి సాయంత్రం బొబ్బ చూసుకుని తెలుసుకునేది.

"ఏడుపు రాకపోతే నేనేం చెయ్యను అత్తయ్యా?" అని ఒకరోజు అడిగింది.

"వచ్చినప్పుడే వస్తుందిలే అమ్మాయ్. తొందరేముంది, ఇద్దరం ఇక్కడే ఉంటాంగా," అంది అత్తయ్య.

ఆ ఇంట్లో ఇప్పుడు మిగిలింది ఆ ఇద్దరే. అత్తయ్యకి కూడా పాదాలు మొద్దే. కిందటేడు పుండు పడినా తెలియక ఒక చిటికెన వేలు పోగొట్టుకుంది. ఈసారి పుండు పడితే వేలితో ఆగదని సర్జను ఖచ్చితంగా చెప్పాడు. అందుకే కోడలు ఆమెని పట్టుబట్టి ఈ పరిశోధనలో చేర్పించింది. ఆ మాత్ర పనిచెయ్యాలని ఆ ఆసుపత్రిలో పెద్ద డాక్టరు కంటే ఎక్కువగా కోరుకున్న మనిషి ఎవరైనా ఉంటే అది ఆమే. కొడుకు పోయాడు, తల్లి కూడా పోతే తను ఎవరికి ఏమవుతుందో ఆమెకి తెలియదు.

సొంతవాళ్ళని సొంతవాళ్ళు పరీక్షించకూడదని నియమం. అత్తయ్యని ఎప్పుడూ ఇంకో సిస్టరే చూసేది. ఆ రోజు మధ్యాహ్నం కుండపోతగా వాన పడుతోంది, ఆ సిస్టరు రాలేదు.

"మీరే కానిచ్చేయండి సిస్టర్," అన్నాడు పెద్ద డాక్టరు. "అరికాలికి అత్తాకోడళ్ళ గొడవ తెలియదు. నేను పక్క గదిలోనే ఉంటా."

ఆయన వెళ్ళిపోయాడు. కోడలు చెప్పులు విడిచి, తాగడం మర్చిపోయిన టీగ్లాసుని స్టూలు పక్కన నేల మీద పెట్టి, తెర దించింది. కిటికీ అద్దాల మీద వాన నీళ్ళు ధారగా జారుతున్నాయి. గదిలో తడి గోడ వాసన. ట్యూబులైటు ఒకసారి మిణుకుమని సర్దుకుంది. ఆమె బొటనవేలి కింద దారం నొక్కింది. దారం వంగింది.

"తగిలిందా?"

"లేదు."

మడమ మీద నొక్కింది.

"తగిలిందా?"

"లేదమ్మాయ్."

అనుకున్నదే. ఆమెకి నిరాశ కూడా కలగలేదు. దారం ఒళ్ళో పెట్టుకుని, చేతులు ముడుచుకుని ఉత్తుత్తి ప్రశ్న వేసింది.

"తగిలిందా?"

"ఆ."

అత్తయ్య కూడా మొహమాటానికి పోతోందనుకుంది. మళ్ళీ నొక్కి అడిగితే లేదంది. ఇంకోచోట నొక్కినా లేదంది. చేతులు ఒళ్ళో పెట్టుకుని అడిగితే మాత్రం తెర అవతల నుంచి చిన్న నవ్వు వినపడింది.

"ఆ... చాల్లే, చక్కిలిగింత పెట్టకు."

కోడలు తన చేతుల వంక చూసుకుంది. రెండూ ఒళ్ళోనే ఉన్నాయి.

అత్తయ్య అలా నవ్వి చాలా కాలమైంది. పాదాలు మొద్దుబారకముందు ఆమెకి అరికాళ్ళలో చక్కిలిగింతలు మహా ఎక్కువ. కొడుకు పని నుంచి వస్తూనే, చెప్పులు విప్పకముందే, తల్లి అరికాలి మీద వేలితో గీరేవాడు. "గాడిద కొడకా" అని ఆవిడ తిట్టేది. గాడిద ఎవరో చెప్పమని వాడు అడిగేవాడు. రోజూ అదే హాస్యం, రోజూ ఇద్దరూ నవ్వేవాళ్ళు. కోడలు వంటింట్లో నుంచి వింటూ ఉండేది.

ఆమె ముందుకి వంగింది. "అత్తయ్యా... ఇప్పుడు?"

ఈసారి చూసింది. అరికాలి మధ్యలో చర్మం చిన్నగా లోపలికి నొక్కుకుంది. వేలి కొసంత గుంట. అది మెల్లగా మడమ దాకా జరిగి, తేలిపోయింది.

"ఆ," అంది అత్తయ్య. తరవాత గొంతు బాగా తగ్గించి, "అమ్మాయ్... వాడేనే," అంది.

కోడలికి భయం వెయ్యలేదు. వెయ్యాల్సిన చోటే అది. కాని భయం రావడానికి కూడా లోపల కాస్త జాగా ఉండాలిగా. దానికి బదులు ఇన్నాళ్ళకి మొదటిసారి ఒకటి కదిలింది, అది అసూయ. తన డ్యూటీ వేళలోనే పోయినవాడు, తనకి చెప్పకుండా పోయినవాడు, వచ్చి వచ్చి తల్లి కాళ్ళ దగ్గర కూర్చున్నాడు. ఇక్కడ అరచేతి దూరంలో తనుంది.

దారాన్ని జేబులో పెట్టేసింది. ఆ తరవాత అడిగినవన్నీ ఉత్తుత్తి ప్రశ్నలే.

"తగిలిందా?"

"ఆ. వేళ్ళ దగ్గర."

"తగిలిందా?"

"ఆ... చీలమండ మీద."

అడిగినప్పుడల్లా గుంట పడుతోంది. అడగకపోతే పడటం లేదు. పిలిస్తే పలికినట్టుగా ఉంది. ఆమె కుడిచెయ్యి చాపి పాదానికి దగ్గరగా గాలిలో పెట్టింది. ఏమీ తగల్లేదు. చల్లగా కూడా లేదు. ఇంకొంచెం వంగి, తెర అవతలికి వినపడకుండా, పెదవులతో మాత్రమే అంది.

"ఒక్కసారి నన్ను కూడా ముట్టుకో... నా దగ్గరికీ రా."

లైటు మిణుకుమంది. వాన చప్పుడు అలాగే ఉంది గాని, ఎందుకో చాలా దూరం నుంచి వస్తున్నట్టుంది. తడి గోడ వాసనలో ఇంకో వాసన కలిసింది. ఎన్నాళ్ళుగానో ఉతకని, ఆరని గుడ్డ వాసన.

"తగిలిందా?" అంది ఆమె.

అత్తయ్య పలకలేదు.

"అత్తయ్యా?"

"అమ్మాయ్." ఆ గొంతులో నవ్వు లేదు. "వాడు గోళ్ళు కొరుక్కునేవాడు కదే..."

చిన్నప్పటి నుంచీ ఉన్న అలవాటు అది. తల్లి చేదు మందు పూసినా, పెళ్ళయ్యాక పెళ్ళాం చేతి మీద కొట్టినా మానలేదు. వేళ్ళ చివర గోరన్నది మిగలనిచ్చేవాడు కాదు.

"అవును," అంది కోడలు.

"వీడికి గోళ్ళున్నాయి."

కోడలు కిందకి చూసింది. చీలమండ చుట్టూ నెలవంకల్లాంటి గాట్లు. ఒకటి కాదు... వరసగా. చర్మం తెల్లబడి, అంచుల్లో ఎర్రబడుతోంది.

"ఇక అడగకు," అంది అత్తయ్య గుసగుసగా. "అడగకు... అడగకు."

అడగలేదు. అయినా గాట్లు పైకి పాకాయి. పిక్క మీదకి. దుప్పటి ముడతలు పడింది. అత్తయ్య శరీరం మంచం మీద జానెడు కిందకి జారింది. మెల్లగా... ఎవరో తొందరేం లేకుండా లాగుతున్నట్టు. తెర కింద నుంచి మోకాళ్ళు బయటికి వచ్చాయి. తరవాత చీర కుచ్చిళ్ళు.

కోడలు లేచిన ఊపుకి స్టూలు వెనక్కి పడింది. గ్లాసు పగిలింది. తెర లాగి పారేసి, ఆ రెండు కాళ్ళనీ రొమ్ముకి అదుముకుని మంచం మీదకి వాలిపోయింది. తన ఒళ్ళంతా వాటి మీద వేసింది.

"నేను అత్తయ్యా... ఇది నేను. నా చేతులు."

కాసేపు మంచం కిర్రుమంటూనే ఉంది. తరవాత ఆగింది. లాగుడు ఆగింది. వాన చప్పుడు మళ్ళీ కిటికీ దగ్గరికి వచ్చింది.

"తెలుస్తోంది," అంది అత్తయ్య చాలాసేపటికి. ఆవిడ చెంపలు తడిగా ఉన్నాయి. "నీ చేతులు వెచ్చగా ఉన్నాయే అమ్మాయ్. నాకు తెలుస్తోంది."

చప్పుడు విని పెద్ద డాక్టరు వచ్చాడు. పడిన స్టూలునీ, పగిలిన గ్లాసునీ, అత్తాకోడళ్ళనీ చూసి, "అరికాలికి తెలియకపోయినా గొడవ మాత్రం జరిగిందన్నమాట," అన్నాడు. ఎవరూ నవ్వలేదు. స్పర్శ వచ్చిందని చెబితే ఆయన నమ్మలేదు. తన జేబులోంచి ఇంకో దారం తీసి, తెర మళ్ళీ కట్టి తనే మొదలుపెట్టాడు. వేలి కింద నొక్కితే "ఆ". మడమ మీద నొక్కితే "ఆ". ఎక్కడ నొక్కితే అక్కడ "ఆ". చివరికి అలవాటు ప్రకారం చేతులు వెనక్కి పెట్టుకున్నాడు.

"వద్దండీ," అంది కోడలు.

అప్పటికే అడిగేశాడు. "తగిలిందా?"

కోడలు అత్తయ్య అరికాళ్ళ వంక చూసింది.

"లేదు," అంది అత్తయ్య.

పెద్ద డాక్టరు మొహం విప్పారింది. "మాత్ర పనిచేసింది సిస్టర్," అన్నాడు. చంటిపిల్లాడిలా రెండు చేతులూ రుద్దుకున్నాడు. గాట్లు చూపిస్తే, మంచం అంచు ఒరుసుకుని ఉంటుందన్నాడు. లైటు ఆర్పి, తలుపు వేసి, ఎవరికో చెప్పడానికి వరండా అవతలికి పరుగులాంటి నడకతో వెళ్ళిపోయాడు.

వాళ్ళిద్దరూ బయట వరండాలో, ఆ తలుపు ఎదురుగా ఉన్న బల్ల మీద కూర్చున్నారు. అత్తయ్య చెప్పుల్లేకుండా నేల మీద పాదాలు ఆనించి, తీసి, మళ్ళీ ఆనించింది.

"నేల ఇంత చల్లగా ఉంటుందని మర్చిపోయానే," అంది. కాలు దక్కింది. మనిషి దక్కింది. కోడలు అది మనసులో రెండుసార్లు అనుకుంది. సంతోషం ఎక్కడో ఉండే ఉంటుంది, నిదానంగా వస్తుందిలే అనుకుంది.

"అమ్మాయ్... నీ కాలు."

తలుపు దగ్గర నుంచి బల్ల దాకా నేల మీద ఎర్రటి మరకలు. కోడలు పాదం ఎత్తి మోకాలి మీద పెట్టుకుంది. టీగ్లాసు పెంకు ఒకటి మడమలో నిలువుగా దిగి ఉంది. పట్టుకుని లాగింది. వచ్చేసింది. అంత లోతు నుంచి పెంకు వస్తుంటే, ఏమీ తెలియలేదు.

జేబులోంచి తన దారం తీసింది. బొటనవేలి కింద నొక్కింది. దారం వంగింది. మడమ. వంగింది. రెండో పాదం. అక్కడా అంతే. అత్తయ్య చూస్తోంది.

అప్పుడు, మూసిన తలుపు వెనక నుంచి, చీకటి గదిలోంచి ఎవరో అడిగారు.

"తగిలిందా?"

గొంతు ఆమెదే. రోగులు బెదరకూడదని చివర్లో కొద్దిగా సాగదీసే ఆ సాగదీత కూడా ఆమెదే.

అత్తయ్య చెయ్యి వచ్చి ఆమె నోటి మీద గట్టిగా పడింది. "పలకకు," అంది చెవిలో.

కోడలు పలకలేదు. మోకాలి మీదున్న పాదం వంక చూస్తూ ఉంది. చీలమండ పైన చర్మం మెల్లగా లోపలికి నొక్కుకుంది. దాని పక్కనే ఇంకొకటి. ఆ పక్కన, ఆమెకి తెలియకుండానే ఎప్పుడో పడి అప్పటికే నల్లబడిన పాత గోటి గాట్లు రెండు ఉన్నాయి.