అమ్మమ్మ అనే కత్తి

"వేలానికి వచ్చిన మూడు ఇండోనేషియా కత్తుల్లో ఒకదాని పిడిలో మైక్రోచిప్ ఉంది. విదేశాల్లో మన ఏజెంట్ల పేర్లన్నీ అందులోనే," అన్నాడు చీఫ్. "కోడ్‌వర్డ్ 'అమ్మమ్మ'. అంటే మూడింట్లో అతి పాతది. తప్పు కత్తి ముట్టుకుంటే, చిప్ కోసం వచ్చే ముఠా జారుకుంటుంది. నీకు కత్తుల సంగతి తెలుసుగా, డేగా?"

డేగ తల వంచుకున్నాడు. ఆ విద్య అతనిది కాదు, మేనమామది. ఆయన ఒకప్పుడు మ్యూజియంలో ఆయుధాల నిపుణుడు. తొమ్మిదేళ్ళ కిందట ఒక స్మగ్లింగ్ ముఠా నమ్మకం సంపాదించడానికి, వాళ్ళకు అడ్డుగా ఉన్న ఆ మామయ్య మీదే, పాత ఆయుధాలకు దొంగ సర్టిఫికెట్లు ఇస్తున్నాడని డేగ అబద్ధపు సాక్ష్యం చెప్పాడు. మిషన్ సక్సెస్. మామయ్యకు ఉద్యోగమూ పోయింది, పరువూ పోయింది. ఆ తర్వాత ఆయనకు మొహం చూపించలేదు.

సిగ్గు చంపుకుని ఫోన్ చేశాడు.

"నీకోసం రాను రా," అన్నాడు మామయ్య. "కత్తికోసం వస్తా."

వేలం హాల్లో డేగ పెట్టుడు గడ్డంతో, మామయ్య భూతద్దంతో నిలబడ్డారు. వేలం నడిపే అందగత్తె చిరునవ్వుతో గాజుమూత తీసింది. ముఠాకి పనిచేస్తూనే కోడ్‌వర్డ్ చీఫ్‌కి చేరవేసింది ఆవిడే.

మూడూ పాములా వంకర్లు తిరిగిన కత్తులే.

"మొదటిదాన్ని యాసిడ్ పూసి పాతదానిలా చేశారు. రెండోదానికి వందేళ్ళు కూడా లేవు." మూడోదాని దగ్గర మామయ్య గొంతు మెత్తబడింది. "ఇనుము పొరలు మడిచి మడిచి కొట్టారు, చూడు, నీటి అలల్లా. జావా పనితనం. మూడొందల ఏళ్ళుంటాయి. కానీ పిడి? జావావాళ్ళు గుడ్డ చుట్టి బిగిస్తారు. ఇది జిగురు. వాసన కూడా పోలేదు."

మూడో కత్తిని బూడిదరంగు సూటువాడు పాడుకున్నాడు. అందుకుని వడివడిగా తలుపు వైపు నడిచాడు. బయట కారు ఇంజన్ ఆన్‌లో ఉంది. డేగ అడ్డం పడ్డాడు. వాడు సర్రున ఆ కత్తే ఝళిపించాడు.

"పిడి తిప్పరా!" అని అరిచాడు మామయ్య.

డేగ పిడిని వాడి గుప్పిటతో సహా ఒడిసిపట్టి మెలితిప్పాడు. జిగురు ఫట్‌మంది. కత్తి నేలమీద, పిడి డేగ చేతిలో. లోపల చిప్ భద్రంగా ఉంది. సూటువాణ్ణి గుమ్మంలోనే పట్టుకున్నారు.

"శభాష్! భలే గుర్తుపట్టావ్," అన్నాడు చీఫ్.

"నేను కాదు సార్." డేగ రిపోర్టులో మామయ్య పేరు రాశాడు. తొమ్మిదేళ్ళ నాటి అబద్ధమూ రాశాడు. చీఫ్ చదివి, నిట్టూర్చి, 'అతి రహస్యం' అని సీలు వేశాడు.

మెట్లమీద కూర్చున్న మామయ్యకు డేగ అంతా చెప్పాడు, ఆయన చెప్పుల వైపు చూస్తూ. "క్షమించమని అడిగే అర్హత లేదు మామయ్యా. నిజం మాత్రం రాసిచ్చాను. కానీ ఆ ఫైలు యాభై ఏళ్ళదాకా తెరవరట."

మామయ్య కళ్ళద్దాలు తుడుచుకున్నాడు.

"నాకిప్పుడు డెబ్బై రెండు. అయితే నూట ఇరవై రెండో ఏట తలెత్తుకు తిరగొచ్చన్నమాట."