డివైడర్ సందులో మనిషి

సదాశివనగర్ దాటి కామారెడ్డి వైపు వస్తుంటే, హైవే మధ్య డివైడర్ తెగి ఒక సందు ఉంటుంది. చీకటి పడ్డాక అక్కడ ఎవరూ బండి ఆపరు. ఆపితే వెనక సీటు బరువెక్కుతుందట... నిజమో అబద్ధమో గానీ, చెప్పేవాళ్లు మాత్రం గొంతు తగ్గించే చెబుతారు.

సందుకు ఎదురుగా సంపత్ అనే అతని దాబా ఉంది. వాన ఉందా, ట్రాఫిక్ జామైందా అని డ్రైవర్లు ముందే చూసుకోవడానికి, కప్పు మీద కెమెరా బిగించి పగలూ రాత్రీ యూట్యూబ్‌లో లైవ్ పెట్టాడు. దాంతో గిరాకీ పెరిగింది. అంతా బాగుందనుకుంటుండగా, ఆ సందులోంచి రోడ్డు దాటుతున్న ముత్తయ్య అనే కూలీని లారీ గుద్దింది. అక్కడికక్కడే పోయాడు.

అప్పటి నుంచి సంపత్ ఆ దాబా మొహం చూడలేదు. పనివాళ్లకు అప్పగించి, ఎల్లారెడ్డిలోని ఇంట్లో కూర్చుని ఫోన్లో లైవ్ చూసేవాడు. ఎందుకంటే— ఆ సందు తీయించింది తనే. అవతలి వైపు బండ్లు చుట్టు తిరగకుండా నేరుగా దాబాకు మళ్లాలని గుట్టుచప్పుడు కాకుండా పగలగొట్టించాడు. ఎవరితో పగలగొట్టించాడో, ఆ పేరు తలచుకోవడానికే భయం. తిన్న అన్నం ఒంటికి పట్టడం లేదు.

ముసురు పట్టిన ఒక రాత్రి... లైవ్‌లో, సందు మధ్య తెల్లటి ఆకారం నిలబడింది. మొహం కనబడటం లేదు. లారీలు అటూ ఇటూ దూసుకుపోతున్నా కదలదు. కామెంట్లలో దెయ్యం, దెయ్యం అని ఒకటే గోల. మర్నాడూ వచ్చింది. ఆ మర్నాడూ.

సంపత్ ఒళ్లు జలదరించింది ఇంకోటి చూసి. అది రోడ్డు వైపు తిరిగి లేదు... కెమెరా వైపు తిరిగి ఉంది.

ముత్తయ్యే, తనకోసమే అనుకున్నాడు. భార్య నిరోష ఫోన్ లాక్కుంది.

"బంద్ చెయ్యి. సూడకు."

"నేను సూడకుంటె గాయిన పోతడా?"

ఇక ఉండలేక ఆ వానలోనే కారు తీశాడు.

దాబా దగ్గర దిగేసరికి అక్కడే ఉంది. దగ్గరికి నడిచాడు... "ముత్తన్నా," అన్నాడు. "తప్పయింది."

ఆకారం అతని వైపు తిరిగింది. తల మీద కొప్పెరగా మడిచి కప్పుకున్న యూరియా సంచిని వెనక్కి నెట్టింది. ముత్తయ్య భార్య, భూమక్క.

సంపత్‌కు ప్రాణం లేచొచ్చింది. "అక్కా... నువ్వా? గీ వానల గిట్ల ఏంది?"

"ఎల్లారెడ్డికి వచ్చిన సేటూ. ఇంట్ల లేవని చెప్పిచ్చినవ్. లోపట నీ దగ్గు ఇనవడ్డది." ఆమె గొంతులో కోపం లేదు. అదే అతనికి భరించరానిదైంది. "గా కెమెరాల నువ్వు సూస్తవని దాబోళ్లు చెప్పిండ్రు. గందుకే నిలవడ్డ."

"ఏం గావాలె అక్కా?"

"దీన్ని పలగ్గొట్టింది మా ఆయిననే. పలగ్గొట్టిచ్చింది నువ్వు. ఎవ్వలకు చెప్పద్దన్నవట, నేను సుత చెప్పలే. ఆయిన పోయిండు. మూసుడు నీ వంతు."

"పొద్దుగాల్నే మూయిస్త."

"పొద్దుగాల దాక ఎవలన్న దాటుతె?"

భూమక్క సంచి తీసి, అతని చేతుల్లో పెట్టి, తడుస్తూ వెళ్లిపోయింది.

ఆ రాత్రి తెల్లవారేదాకా లైవ్ చూసినవాళ్లు, దెయ్యం కాస్త పొడుగైందని కామెంట్లు పెట్టారు.