రాత్రి వానను పొద్దున కొలిచిన చేయి

ఫొటోలోని శవం కుర్చీలోనే కూర్చుని ఉంది. మెడ మీద సూది గుచ్చిన గుర్తు. చూపుడువేలు ఒక పాత రిజిస్టరులోని పేజీ మీద ఆగిపోయింది.

"వర్షపాతం రికార్డు కీపరు. నిన్న చంపేశారు," అన్నాడు చీఫ్. "విదేశీ ధాన్యం సిండికేట్ పని. నూరేళ్ల వాన లెక్కల్లో పేజీలు మార్చారని మా అనుమానం. పదేళ్లకోసారి ముదురుతూ వస్తున్న కరువు గ్రాఫులో మాయమైంది. ఆ గ్రాఫును నమ్మి, ఈ సాయంత్రం అయిదింటికి మంత్రిగారు నిల్వ ధాన్యమంతా వాళ్లకు అప్పగించే ఒప్పందం మీద సంతకం పెడుతున్నారు."

"ఆపించండి సార్," అన్నాడు ఏజెంటు.

"రుజువేదీ? పాత కాగితం, పాత సిరా. ల్యాబ్ చేతులెత్తేసింది."

ఆ ఏజెంటును డిపార్ట్‌మెంటులో అందరూ గొడుగు అని పిలుస్తారు. అతని చంకలోని నల్ల గొడుగులో వానకు పనికొచ్చేది గుడ్డ ఒక్కటే. మిగతా సరంజామా వేరు.

నాలుగున్నరకు, పాత పుస్తకాలు కుట్టే బైండరు వేషంలో, అతడు రికార్డుల గదిలో ఆ పేజీ తెరిచాడు. సంవత్సరం చూడగానే వేలు ఒక తేదీ దగ్గరికి పోయింది. అప్పుడతనికి ఎనిమిదేళ్లు. ఎండిన కుళాయి ముందు వరుసలో బిందెతో నిలబడి ఉండగా, "అన్నయ్యా, మన వంతు వచ్చిందా?" అంటూ చెల్లి అతని భుజం మీద తల వాల్చింది. మళ్లీ ఎత్తలేదు. ఈనాటికీ ఏ కుళాయి విప్పినా నీటికంటే ముందు ఆ ప్రశ్నే వస్తుంది.

ఆ తేదీకి ఎదురుగా నలభై రెండు మిల్లీమీటర్లని రాసి ఉంది.

"ఆ రోజు చుక్క పడలేదు సార్," అన్నాడు రహస్య మైకులో. "నేనక్కడే ఉన్నాను."

"నీ జ్ఞాపకం సాక్ష్యం కాదోయ్. నేను మంత్రిగారి గదిలోనే ఉన్నా. త్వరగా కానీ."

"బైండరుగారికి అంకెలే కనిపిస్తాయా? పక్క గడి కూడా చదవండి."

గుమ్మంలో నీలిదుస్తుల్లో ఒకామె. అందరూ నెమలి అనేది ఆమెనే. సిండికేట్ సలహాదారు, ఇరుపక్షాలకూ పనిచేస్తుందని ప్రతీతి.

పక్క గడిలో: 'రాత్రి పదికి మొదలై పన్నెండుకు వెలిసినది.'

అతడు ఆ గడిని మళ్లీ చదివాడు. వానమాపకాన్ని ఉదయం ఎనిమిదిన్నరకు చూసి, అప్పటికి పట్టిన నీటిని ఆ తేదీకి రాస్తారు. రాత్రి వాన మర్నాటి గడికి పోవాలి. గబగబా పేజీలు తిప్పాడు. కొత్తగా పుట్టుకొచ్చిన వానలన్నింటిలో అదే తప్పు.

"రాత్రి పడబోయే వానను పొద్దున్నే కొలిచేశారా!"

"కొలిచింది నేనే. రాయకపోతే చంపేవాళ్లు, అందుకే కావాలని తప్పు పెట్టి రాశాను. మా నాన్న వానమాపకం దగ్గరే నాకు అంకెలు నేర్పాడు." ఆమె గొంతు తగ్గింది. "రికార్డు కీపరు పెద్దాయన ఇట్టే పట్టేశారు. కానీ సంబరం పట్టలేక పైకి అనేశారు. బయట వాళ్ల మనిషి విన్నాడు. కళ్లు మూస్తే ఆయనే కనిపిస్తున్నారు."

"ఆ మనిషి ఎక్కడ?"

"మీ వెనకే."

సూది మెడను తాకేలోగా గొడుగు పిడిలోంచి మత్తువాయువు బుస్సుమంది. మనిషి కుప్పకూలాడు. అయిదుకు అరనిమిషం. అతడు మైకులో గుక్క తిప్పుకోకుండా చెప్పాడు.

అయిదు దాటగానే చీఫ్ గొంతు: "మొదటి అక్షరం దగ్గర పెన్ను ఆగింది. శభాష్! దేశానికేం సాధించిపెట్టావో తెలుసా?"

"తెలుసు సార్. కరువు."

నెమలి రెండు చేతులూ సంకెళ్లకు చాచి నిలబడింది.

మర్నాడు ఎనిమిదిన్నరకు వానమాపకం చూసేవారు లేరు. అతడే చూశాడు. పొడిగా ఉంది. రిజిస్టరులో సున్నా రాశాడు.

మన వంతు వచ్చిందా, అన్నయ్యా?

"ఇంకా లేదమ్మా," అన్నాడు పైకే.

ఆపైన, ఉద్యోగంలో చేరాక మొదటిసారిగా, ఆ గొడుగును గొడుగులా వాడాడు. ఎండకు.