మామయ్య కనిపెట్టిన పురుగు

లెక్కల పీరియడ్ సగమైంది. చిటపట అప్పటికే పెన్సిల్ రెండుసార్లు చెక్కింది, కిటికీలోంచి గడియారం వైపు మెడ సాచి సాచి చూసింది, పక్కమ్మాయి స్కేలు కింద పడేసింది.

"ఏమైందే నీకు? ముళ్ల మీద కూర్చున్నావా?" అంది టీచర్.

"లేదు టీచర్" అంది చిటపట. ముళ్లేం లేవు. మామయ్య గుర్తొస్తున్నాడు, అంతే.

వాళ్ల మామయ్య పురుగుల శాస్త్రవేత్త. మామూలు శాస్త్రవేత్త అనుకునేరు! పొద్దున భూతద్దంతో పురుగుల కాళ్లు చూస్తాడు, మధ్యాహ్నం వాటికి రంగుల బొమ్మలు వేస్తాడు, సాయంత్రం వాటి మీద పాటలు కడతాడు. "మీ తమ్ముడికి పురుగుల పిచ్చి" అని నాన్న అంటే, "మా ఇంట్లో అందరికీ ఏదో ఒక పిచ్చి ఉంది లెండి" అంటుంది అమ్మ.

ఎనిమిది రోజుల కిందట, ఆదివారం నాడు మామయ్య పెరట్లో ఒక రికార్డర్ పెట్టాడు. అది పగలూ రాత్రీ నడుస్తూనే ఉంటుంది. ఏ కీచురాయి ఎప్పుడు అరుస్తుందో తెలుసుకోవాలట. "దాని దగ్గర చప్పుడు చేయకు తల్లీ" అని చెప్పాడు కూడా.

చిటపట విందా? ఊహూ! వయొలిన్ పట్టుకుని పెరట్లోకి వెళ్లింది. కీచురాయి "కిర్ర్" అంటే తనూ తీగ మీద "కిర్రీ" అంది. అబ్బ, ఎంత సరదాగా ఉందో! ఇంత చిన్న చప్పుడుకి ఏమవుతుందిలే అనుకుంది.

శుక్రవారం మామయ్య హెడ్‌ఫోన్స్ తీసి గంతులేశాడు. "అక్కా! ఇలాంటి కూత నేనెక్కడా వినలేదు. ఇది కొత్త పురుగే!"

ఆ పూటే దానికి ఆకుపచ్చ రెక్కలతో బొమ్మ వేసి గోడకి అంటించాడు. పాట కూడా కట్టాడు. అన్నం తింటున్నా అదే పాట. అంత సంతోషంగా ఉన్న మనిషికి ఏమని చెప్పాలి? అది తన వయొలిన్ చప్పుడేనని చిటపట చెప్పలేకపోయింది.

ఇవాళ సోమవారం. నాలుగింటికి మామయ్య ఆ సంగతి ఆఫీసుకి రాసి పంపుతాడు. తర్వాతెప్పుడో నిజం తెలిసి అందరూ నవ్వుతారు. మామయ్యని చూసి నవ్వుతారు!

బెల్ కొట్టగానే చిటపట పరుగందుకుంది. లేసు ఊడినా ఆగలేదు.

మామయ్య కంప్యూటర్ ముందు ఉన్నాడు. ఫోన్ స్పీకర్‌లో వాళ్ల ఆఫీసు మేడమ్. "ఒక్క నిమిషం మేడమ్, పంపేస్తున్నా" అంటున్నాడు.

"పంపకు మామయ్యా!" చిటపట వయొలిన్ తీసి "కిర్రీ" అని లాగింది.

మామయ్య చెయ్యి ఆగిపోయింది. గోడ మీది బొమ్మ వంక చూశాడు.

"నువ్వా?"

"నేనే."

"మూడు రోజులు గాల్లో తేలానే! ఒక్క మాట చెప్పొచ్చుగా?" అన్నాడు. చిటపటకి ఏడుపొచ్చేసింది.

"అయితే వారం రికార్డింగు మొత్తం పాడైనట్టేనా?" అంది ఫోన్‌లో మేడమ్. "పాప ఎప్పుడెప్పుడు వాయించిందో తెలియాలి. లేకపోతే ఏదీ నమ్మలేం."

"మంగళవారం, బుధవారం సాయంత్రాలు మేడమ్" అన్నాడు మామయ్య. "ఆ కూత ఆ రెండు చోట్లే ఉంది. అవి తీసేస్తే చాలు."

ఇక ఊరుకుంటే సరిపోయేది. ఎవరూ అడగరు, ఎవరికీ తెలియదు. చిటపట ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి మారింది. తర్వాత ఫోన్ దగ్గరికి జరిగింది.

"పోయిన సోమవారం పొద్దున కూడా వాయించా మేడమ్. స్కూలుకి వెళ్లే ముందు, పది నిమిషాలు. అప్పుడు మెల్లగా వాయించా. అచ్చం కీచురాయిలాగే ఉంటుంది, అందుకే మామయ్య కనిపెట్టలేదు."

మామయ్య గబగబా నోట్‌బుక్ తిరగేశాడు. సోమవారం, ఏడుంబావు: కీచురాయి, పది నిమిషాలు. తన చేత్తో తనే రాసుకున్నాడు.

పుస్తకం చిటపట ముందుకి తోసి, పెన్ను ఇచ్చాడు.

చిటపట ఆ లైను కొట్టేసింది. పక్కన గుండ్రటి అక్షరాలతో రాసింది: "పురుగు కాదు. నేను."