నేను పిలిచేదాకా

ఇళ్ళు అమ్ముకునేవాళ్ళతో వేగడం మాటలు కాదండీ. ఇల్లు అమ్మిపెట్టమంటారు, గోడకున్న మేకు మాత్రం పీకనివ్వరు. తీరా కొనేవాళ్ళు వచ్చాక పక్కనే నిలబడి, "వానాకాలంలో ఈ మూల కాస్త చెమ్మ వస్తుంది, అంతే" అని వాళ్ళే నోరు జారతారు. ఆ తర్వాత బేరం తప్పిపోయిందని నా మీద పడి ఏడుస్తారు.

నా పని ఇళ్ళని ముస్తాబు చేయడం. స్టేజింగ్ అంటారు లెండి. అమ్మకానికి పెట్టిన ఇంట్లోంచి ఆ ఇంటివాళ్ళ గుర్తులన్నీ తీసేస్తాను. ఫొటోలు, మందుసీసాలు, ఫ్రిజ్ మీద అంటించిన బొమ్మలు, బాత్రూంలో బ్రష్షులు, అన్నీ అట్టపెట్టెల్లోకి పోవాల్సిందే. వాటి చోట నా వ్యానులోంచి దింపిన సోఫా, దీపాలు, తెల్ల దుప్పట్లు. నా సామానంతా మామూలు కంటే ఓ పిసరు చిన్నది. చిన్న మంచం వేస్తే గది పెద్దగా కనబడుతుంది. పొయ్యి మీద నిమ్మతొక్కలు, దాల్చినచెక్క వేసి నీళ్ళు మరగబెడితే పాత వాసన పోతుంది. వచ్చినవాళ్ళు లోపల అడుగు పెట్టగానే 'ఇది మనిల్లే' అనుకోవాలి. అలా అనుకోవాలంటే అప్పటిదాకా అక్కడ ఎవరూ బతకనట్టు ఉండాలి. మా ఆయన నన్ను ఆటపట్టిస్తుంటాడు, "ఇళ్ళకి పెళ్ళిళ్ళ పేరమ్మవి నువ్వు" అని.

ఆ ఇల్లు ఒక వీధి మలుపులో ఉండేది. మోకాళ్ళ పైదాకా వచ్చే చిన్న గేటు, గేటు నుంచి గుమ్మం దాకా సిమెంటు బాట, ముందు హాలు, పక్కన వంటిల్లు, వెనక రెండు గదులు. ఇల్లావిడ ఒక్కతే ఉంది. భర్తకి వేరే ఊరికి బదిలీ అయితే ముందు వెళ్ళిపోయాడట. ఇల్లు అమ్ముడైపోగానే ఆమె కూడా వెళ్ళాలి. చిన్నదే, ముప్పై దాటి ఉంటాయేమో. గట్టిగా గాలి వీస్తే పడిపోయేలా ఉంది. తలుపు తీసి నన్ను చూడగానే "రండక్కా" అంది. ఆ పిలుపుకే నేను సగం కరిగిపోయాను. నాకు నోరెంత పెద్దదో మనసంత మెత్తన, ఏం చేస్తాం!

ఆ ఇంట్లో ఒక పిల్ల పోయిందని బ్రోకరు ముందే చెప్పాడు. ఏడేళ్ళ పిల్ల. కిందటేడు జ్వరమొచ్చి ఆసుపత్రికి వెళ్ళింది, ఇక తిరిగి రాలేదు. "కొనేవాళ్ళ దగ్గర ఆ ఊసెత్తకండి మేడమ్, మీకు దండం పెడతాను" అన్నాడు.

వెనక గది ఆ పిల్లదే. పొట్టి మంచం, మైనపు రంగుల డబ్బా, చెయ్యి అందినంత ఎత్తు దాకా గోడంతా గీతలు. దాన్ని నేను చదువుకునే గదిగా మార్చాలనుకున్నాను.

"ఈ ఒక్క గదీ ఇలాగే ఉంచకూడదా అక్కా?" అంది ఆమె, గుమ్మంలో నిలబడి.

"ఉంచితే వచ్చినవాళ్ళు కళ్ళొత్తుకుని వెళ్ళిపోతారు తల్లీ. కొనరు."

కటువుగానే అన్నాను. నా పని అలాంటిది. ఆమె తలూపి, బొమ్మల్ని ఒక్కొక్కటీ పాత గుడ్డల్లో చుట్టి పెట్టెలో సర్దుకుంది. "ఇవన్నీ కొత్తింటికి తీసుకెళ్దాం పిచ్చుకా, సరేనా?" అంటోంది సర్దుతూ. ఆ పిల్ల గుప్పెడు మెతుకులే తినేదట, అందుకని పిచ్చుక అని పిలిచేవాళ్ళట. తనలో తను మాట్లాడుకుంటోంది అనుకున్నాను. కడుపుకోత కదండీ, ఎవరైనా మాట్లాడుకుంటారు.

కానీ ఆ సర్దుడులో నాకు కొన్ని వింతగా అనిపించాయి. ఆమె ఏ తలుపు తీసినా వెంటనే లోపలికి వెళ్ళేది కాదు. తలుపు పట్టుకుని ఓ క్షణం ఆగేది, ఎవరికో దారిచ్చినట్టు. నా సోఫాలో కూర్చుంటే ఓ పక్కకి ఒదిగి కూర్చునేది. నేను ఎన్ని నిమ్మతొక్కలు మరగబెట్టినా, గోడకి కొత్త రంగు వేయించినా, వెనక గదిలో మైనపు రంగుల వాసన పోలేదు. నేను నీటుగా పరిచిన తెల్ల దుప్పటి అంచు, ఎవరో చిన్న పిడికిట్లో పట్టుకుని లాగినట్టు, ఒకే చోట నలిగిపోయేది. రెండుసార్లు ఇస్త్రీ చేశాను. చిరాకు పడ్డానే గానీ భయపడలేదు.

కొనేవాళ్ళు వస్తామన్న మధ్యాహ్నం మబ్బు పట్టింది. నేను దీపాలన్నీ వేశాను. నాకో అలవాటుంది. వాళ్ళు రావడానికి ముందు హాలు మధ్యలో నిలబడి, చప్పట్లు కొట్టి, ఇంటివాళ్ళకి గట్టిగా చెప్తాను. ఒక్కో ఇంట్లో తాతగారు బాత్రూంలో ఉంటారు, కుర్రాడు మేడ మీద ఉంటాడు, అందరికీ వినబడాలి కదా! ఆ రోజు ఇంట్లో ఉన్నది ఆమె ఒక్కతే. అయినా నోటికి అలవాటైన మాట అలాగే దొర్లిపోయింది.

"ఇంట్లోవాళ్ళంతా బయటికి నడవండి! నేను పిలిచేదాకా ఎవ్వరూ లోపలికి రావొద్దు!"

ఆమె మొహంలో నెత్తుటి చుక్క లేదు.

"అక్కా... అలా అనకండి..."

వెనక గది తలుపు మెల్లగా తెరుచుకుంది. గాలి లేదు. కిటికీ తెరలు కదల్లేదు. నా బట్టల అంచు మాత్రం, మోకాలి దగ్గర, కాస్త పక్కకి జరిగింది. మైనపు రంగుల వాసన నా పక్కగా వెళ్ళింది... హాలు దాటింది... గుమ్మం దిగింది. బయట గేటు గడియ చిన్నగా చప్పుడు చేసింది.

ఆమె చెప్పులు కూడా వేసుకోకుండా వీధిలోకి పరిగెత్తింది. అంతలో కారొచ్చి ఆగింది. నేను నవ్వు పులుముకుని ఎదురెళ్ళాను.

వచ్చిన జంటకి ఇల్లు తెగ నచ్చేసింది. ఆ భార్య వెనక గదిలో నిలబడి, "అబ్బ, ఎంత ప్రశాంతంగా ఉందో!" అంది. నిజమే. గదిలో నిమ్మ వాసన తప్ప ఇంకేమీ లేదు. అక్కడికక్కడే ఖాయం చేసుకున్నారు. బ్రోకరు నా చెయ్యి పట్టుకుని ఊపేశాడు. ఆ సందట్లో, అయిపోయింది లోపలికి రండి అని ఎప్పుడూ పిలిచే పిలుపు పిలవనేలేదు. నాకెందుకో ఆ రోజు అన్నం సయించలేదు.

కాగితాల పనులన్నీ అయ్యాక నా సామాను తెచ్చుకోవడానికి వెళ్ళాను. మర్నాడు పొద్దున్నే ఆమె తాళాలు ఇచ్చేసి బయల్దేరాలి. సాయంత్రమే అయినా వాన వల్ల చీకటి ముంచుకొచ్చింది. కూలీలు వెనక సందులో ఉన్న వ్యానులోకి సోఫాలూ దీపాలూ ఎక్కించేసి, టీ తాగి వస్తామని పోయారు. ఖాళీ ఇల్లు గుయ్యిమంటోంది. మాట్లాడితే మాట తిరిగి మన మొహానే కొడుతోంది. ఆమె హాల్లో నేల మీద కూర్చుని ఉంది. ఏడ్చి ఏడ్చి కళ్ళు వాచిపోయాయి.

"ఇల్లు వదిలిపోవడం ఎవరికైనా కష్టమేలే తల్లీ" అన్నాను.

"ఇంటి కోసం కాదక్కా." నా చెయ్యి పట్టుకుంది. "పిచ్చుక ఇన్నాళ్ళూ నాతోనే ఉంది. కనబడదు, వినబడదు. ఉండేది, అంతే. పడుకుంటే నా వేలు పట్టుకునేది. ఆయనకి చెప్తే డాక్టరు దగ్గరికి పోదామన్నారు. ఇక ఎవరికీ చెప్పలేదు. ఇల్లు అమ్మేద్దామంటే సరే అన్నాను. అది నాతో వస్తుంది కదా, ఏ ఇల్లయితేనేం అనుకున్నాను."

"మరి ఇప్పుడు?"

"గేటు దగ్గరుంది. ఆ రోజు నుంచీ అక్కడే. ఎంత పిలిచినా రాదు. మీరు పిలిచేదాకా రావొద్దన్నారు కదా! పెద్దవాళ్ళ మాట జవదాటదక్కా. నేనే అలా పెంచాను." వెక్కుతూ అంది. "రేపు నేను వెళ్ళిపోతే అది వీధిలోనే ఉండిపోతుంది. మీ కాళ్ళు పట్టుకుంటాను. ఒక్కసారి పిలవండి."

'ఏం మాటలివి' అని కసరబోయాను. కసరబోతూ కిటికీలోంచి బయటికి చూశాను.

వాన ఏకధారగా పడుతోంది. బాట మీద చినుకులు ఎగిరి పడుతున్నాయి. గేటు పక్కన ఒక్కచోట మాత్రం వాన నేల దాకా రావడం లేదు. నా నడుమంత ఎత్తులో ఆగిపోయి, అటూ ఇటూ చిట్లి, కిందికి జారుతోంది.

అక్కడ ఓ పసిదాని తలా, రెండు భుజాలూ...

"అయ్యో" అన్నాను. భయం వేయలేదంటే నమ్మండి. ఇన్ని రోజులు, ఎండలో, వానలో, నా మాట కోసం!

గబగబా వెళ్ళి వీధి తలుపు బార్లా తీశాను. పిచ్చుకా, రామ్మా అంటే సరిపోయేది. నా నోరు పడ! తొందరలో, ఏడుపులో, రోజూ అనే మాటే వచ్చింది.

"అయిపోయింది... లోపలికి వచ్చేయండి. అందరూ వచ్చేయండి!"

కాసేపు వాన చప్పుడే.

తర్వాత బాట మీద అడుగులు... తడి కాళ్ళు నేలకి అతుక్కుని ఊడుతున్నట్టు. చప్... చప్...

గేటు దగ్గర నుంచి కాదు. ప్రహరీగోడ పక్క నుంచి. చీకటిగా ఉన్న వైపు నుంచి.

వాసన వచ్చింది. మైనపు రంగులది కాదు. ఏళ్ళ తరబడి మూసి ఉన్న గదిలో మగ్గిన తడిగుడ్డ వాసన. నా నడుం పక్కగా చల్లగా ఏదో గుమ్మం దాటింది. దాటుతూనే ఉంది... చాలాసేపు పట్టింది. దాని వెనక ఇంకొన్ని అడుగులు. వీధిలోంచి. ఎదురింటి అరుగు మీదనుంచి. అన్నీ ఇటే...

నా చేతులు వాటంతట అవే తలుపు మూసేశాయి. గడియ పెట్టేశాను.

వెనక నుంచి ఆమె ఏడుస్తూ నవ్వుతున్న చప్పుడు. మోకాళ్ళ మీద కూర్చుని, రెండు చేతులూ ముందుకి చాచి దేన్నో పొదివి పట్టుకుంది. "వచ్చావా తల్లీ... ఎంత చల్లబడిపోయావే... మీకు పుణ్యముంటుందక్కా, నా పిల్లని నాకిచ్చారు..."

నేను కిటికీ దగ్గరికి జరిగాను. చూడకుండా ఉండాల్సింది.

వాన పడని ఆ చిన్న చోటు గేటు దగ్గర లేదు. బాట మీదుగా గుమ్మం మెట్టు దాకా వచ్చి, మూసిన తలుపు ముందు ఆగి ఉంది. తలుపు కొట్టలేదు. కాసేపు అలాగే నిలబడింది. తర్వాత మెల్లగా, వెనక్కి వెనక్కి నడుచుకుంటూ, మళ్ళీ గేటు పక్కకి వెళ్ళిపోయింది.

తలుపు తీయాలి. తీస్తే ఆ మిగతా అడుగులు... చెయ్యి గడియ మీద పెట్టాను. ఎంత తిట్టుకున్నా తీయలేకపోయాను.

"వెనక నుంచి వెళ్దాం పద తల్లీ. వ్యాను అటే ఉంది" అన్నాను. ఆమె లేచింది. ఎడమ చేతిని కాస్త కిందికి చాచి, ఎవరినో నడిపించుకుంటూ, నాతో పాటు వెనక సందులోకి వచ్చింది. కూలీలు రాగానే ఆమెని వ్యానులో బస్టాండు దాకా దింపి, తాళాలు బ్రోకరుకి నేనే ఇచ్చేశాను.

కొన్ని వారాల తర్వాత ఫోను చేసింది. మిట్టమధ్యాహ్నం. నేను ఇంకో ఇంట్లో దీపాలు అమరుస్తున్నాను.

"బాగున్నావా తల్లీ?" అన్నాను.

"బాగున్నానక్కా." గొంతు తగ్గించింది. "ఇది పిచ్చుక కాదక్కా."

"ఎప్పుడు తెలిసింది?"

"ఆ రోజే. వ్యానులో ఒళ్ళో కూర్చోగానే. కన్నదానికి పిల్ల బరువు తెలీదా?"

"మరి అప్పుడే ఎందుకు చెప్పలేదే పిచ్చిదానా!"

"వణికిపోతోందక్కా. ఎవరు కన్నారో, ఎవరు వద్దనుకున్నారో! తలుపు తీశారని ఆశగా వచ్చిన దాన్ని బయటికి పొమ్మని నా నోటితో ఎలా అనను?" వెంటనే అడిగింది. "పిచ్చుక అక్కడే ఉంటుంది కదూ? మీరు వెళ్ళి పేరు పెట్టి పిలవండక్కా. దాని ఒక్కదాన్నే పిలవండి. ఎలాగోలా నా దగ్గరికి తీసుకురండి. ఇద్దర్నీ పెంచుకుంటాను."

నాకు ఏడుపు ఆగలేదు. చేతిలో దీపం పక్కన పెట్టేశాను. "వెళ్తానమ్మా. ఇప్పుడే వెళ్తాను. పిచ్చుకా రామ్మా అని పిలుస్తాను. అది నిన్ను ముట్టుకునేదాకా దాని చెయ్యి వదలను."

అవతల ఆమె ఊపిరి వినబడుతోంది. ఆ ఊపిరికి అడ్డంగా ఇంకో ఊపిరి. ఫోనుకి పెదాలు ఆనించినంత దగ్గరగా...

"పిలవొద్దు... అది వస్తే నన్ను పొమ్మంటారు..."

మాటలు పసిపిల్లవే. గొంతు మాత్రం పళ్ళన్నీ ఊడిపోయిన ముసలిదానిది.