దయ్యం పారిపోయిన శనివారం

శవం కంటే ముందు వాసన పలకరించింది. మాడిన చేప వాసన.

శనివారం సాయంత్రం 4:50. మెల్‌బోర్న్ శివారు పాయింట్ కుక్‌లో, ఒకే అచ్చులో పోసినట్టున్న ఇళ్ల వరసలో ఒక డబుల్ గరాజ్. హోమిసైడ్ స్క్వాడ్ డిటెక్టివ్ సార్జెంట్ మంగళ గ్లవ్స్ తొడుక్కుని లోపలికి అడుగుపెట్టింది.

ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు దయానందం. యాభై ఎనిమిదేళ్లు. ఆ చుట్టుపక్కల తెలుగు క్రైస్తవ సహవాసానికి పెద్ద. ఒళ్లో బైబిల్. పక్కన టీ ఫ్లాస్క్. కాళ్ల ముందు చిన్న బార్బెక్యూ, అందులో ఇంకా ఆరని బొగ్గులు.

గోడల నిండా ఫోమ్ అంటించి ఉంది. ఆయన ప్రార్థనల గోల భరించలేక పక్కింటివాళ్లు కౌన్సిల్‌కి కంప్లైంట్ చేశాక అంటించాడట. ఇప్పుడు శబ్దం బయటికి పోదు. గాలి కూడా పోదని ఆయనకి తట్టలేదు.

పేథాలజిస్ట్ బొగ్గుల మీంచి మాడిన ముక్కలు రెండు తీసి చూపించాడు. చేప గుండె, చేప కార్జం. మిగతా చేప ఎక్కడా లేదు.

గోడకి ఒక పోస్టర్ గుచ్చి ఉంది. మూడు తలల ఆకారం. ఎద్దు తల, మనిషి తల, పొట్టేలు తల. కింద పేరు, అస్మోడియస్.

మంగళకి ఆ మొహం తెలుసు. తెలియనివాళ్లెవరు? పాత కథలో ఒక ఆడపిల్లని చేసుకున్న ఏడుగురు పెళ్లికొడుకులని తొలిరాత్రే చంపిన దయ్యమది. ఇప్పుడు వెబ్ సిరీసుల్లో షోకిల్లా రాయుడు. టీ షర్టుల మీద, కాఫీ కప్పుల మీద, ఫోన్ గేముల్లో వాడే. మంగళ కొడుకు స్కూలు బ్యాగుకి కూడా వాడి బొమ్మ వేలాడుతుంటుంది. దయ్యాలకి ఇంత మంచి రోజులు ఎప్పుడూ లేవు.

"ఆ బొమ్మ గీసింది ఎల్సానే మేడం," అన్నాడు మార్క్.

మార్క్ దయానందానికి మేనల్లుడు. ముప్పయ్యొకటేళ్లు. సహవాసంలో గిటారు వాయిస్తాడు, మామయ్యకి కుడిభుజం. 4:06కి గరాజ్ తలుపెత్తి శవాన్ని చూసి ఎమర్జెన్సీ నంబర్ ట్రిపుల్ జీరోకి ఫోన్ చేసింది అతనే. ఎల్సా దయానందం ఒక్కగానొక్క కూతురు. ఇరవయ్యేళ్లు. యూనివర్సిటీలో డిజైన్ చదువుతూ ఒక గేమ్ కంపెనీకి బొమ్మలు గీస్తుంది.

"నువ్వు నాలుగింటికి ఎందుకొచ్చావు?"

"ప్రేయర్‌కి."

"బ్యాగులో ఏముంది?"

"ఆయిల్ బాటిల్. నైలాన్ తాడు. స్పీకర్లు కట్టడానికండి."

గరాజ్‌లో స్పీకర్లు లేవు. మంగళ ఆ మాట నోట్‌బుక్‌లో రాసుకుంది.

*

ఆదివారం మధ్యాహ్నం 1:20. ఫోరెన్సిక్ వాళ్లు ఇల్లు అప్పగించి వెళ్లాక మంగళ మళ్లీ వచ్చింది.

దయానందం భార్య సుగుణకుమారి వృద్ధుల్ని చూసుకునే ఏజ్‌డ్ కేర్ హోమ్‌లో నర్సు. భీమవరం వైపు మనిషి. నిన్న రెండింటికి డ్యూటీకి బయల్దేరాననీ, అప్పటికి ఆయన గరాజ్‌లో మోకాళ్ల మీద ఉన్నాడనీ చెప్పింది. శనివారం ఆ ఇంట్లో ఉపవాసం, టీ తప్ప ఏమీ ముట్టరు. సాయంత్రం ఆరు దాకా పొయ్యి వెలిగించరు. పాతికేళ్లుగా అదే పద్ధతి.

తన భర్త బొగ్గులు పెట్టుకుంది దయ్యాన్ని తోలడానికేనంది. పాప గీసిన బొమ్మలోంచి ఆ దయ్యం పాపకి పట్టిందని ఆయన నమ్మాడంది. పొగ పెట్టుకుని, తలుపు మూసుకుని, పాపం ప్రమాదవశాత్తూ పోయాడంది. ఇంత చెబుతున్నా కన్నీరు రాలేదు. ఏడ్చే ఓపిక అయిపోయిన మనిషిలా ఉందనిపించి మంగళకి జాలేసింది.

"పొద్దుట్నించీ ఏమన్నా తిన్నారా అమ్మా?" అంది సుగుణకుమారి ఉన్నట్టుండి. జవాబు కోసం ఆగకుండానే ఫ్రిజ్ తలుపు తీసింది. "నిన్నటి పులుసండి. పండుగప్ప. ఈ పూటకే రుచి."

సాక్షి ఇంట్లో ముద్ద ముట్టకూడదని రూలు. మంగళకి ఆ రూలు తెలుసు. కానీ భర్త పోయిన మనిషి వేడిచేసి ముందు పెట్టిన కంచాన్ని వద్దని తోసెయ్యడం ఆమెకి చేతకాలేదు. రెండు ముద్దలు తింది. మెల్‌బోర్న్‌లో బారముండి అనే పేరుతో దొరికే ఆ చేప, మచిలీపట్నంలో అమ్మమ్మ వండినట్టే ఉంది.

ఎల్సా కిందికి వచ్చింది. పొడుగు చేతుల స్వెట్టర్. పులుసు వాసనకి ముక్కు మూసుకుని దూరంగా నిలబడింది. పుట్టినప్పట్నించీ చేప తగిలితే ఒళ్లంతా దద్దుర్లట.

గేమ్‌లో ఆ దయ్యాన్ని ఎలా ఓడిస్తారని అడిగింది మంగళ.

"బర్న్ చెయ్యాలి. ఫిష్ హార్ట్, లివర్. అప్పుడు వాడు పారిపోతాడు."

"ఆ ఐడియా ఎవరిది?"

ఎల్సా స్వెట్టర్ చేతులు కిందికి లాక్కుంది. తల్లి వైపు చూడలేదు. చూడకుండా ఉండటానికి కష్టపడింది.

"గూగుల్," అంది.

కప్పు అందుకోబోతే స్వెట్టర్ చెయ్యి పైకి జరిగింది. మణికట్టు చుట్టూ తాడు ఒరుసుకున్న మచ్చ. ఒకటి కాదు. ఎప్పటిదని అడిగితే చెయ్యి లాక్కుంది.

ఆ సాయంత్రం 6:15కి టాక్సికాలజీ రిపోర్ట్ వచ్చింది. ఫ్లాస్క్‌లో టీ, టీలో నిద్రమాత్రలు. అవే మాత్రల సీసా బాత్‌రూమ్‌లో దొరికింది, ఎల్సా పేరు మీద రాసినది.

బాస్ బ్రెట్‌కి కేసు తేలిపోయింది. దయానందం బైబిల్లో అరవై ఆరు పుస్తకాలే ఉన్నాయి. చేప పొగ కథ కేథలిక్కుల బైబిల్లో ఉండే అదనపు గ్రంథాల్లోది. అవి దేవుడి మాటలు కావని దయానందం చేసిన ప్రసంగాలు ఆన్‌లైన్‌లో ఎనిమిదున్నాయి. అలాంటివాడు చచ్చినా ఆ పని చెయ్యడు. కాబట్టి ఇంకెవరో చేసి ఆయన మీదికి నెట్టారు. గేమ్ ఎల్సాది. మాత్రలు ఎల్సావి. ఒంటి మీద దెబ్బలున్నాయి గనక మోటివ్ కూడా ఎల్సాదే. సోమవారం మధ్యాహ్నం పన్నెండుకి ఆ పిల్ల మీద మర్డర్ ఛార్జ్.

మంగళకి ఆ రాత్రి నిద్ర పట్టలేదు. నాలిక మీద పులుసు రుచి పోలేదు.

*

సోమవారం ఉదయం 10:30. అదే వంటిల్లు.

టేబుల్‌కి అటు సుగుణకుమారి, ఎల్సా. గుమ్మం దగ్గర మార్క్, చేతులు జాకెట్ జేబుల్లో. బ్రెట్ గోడకి ఆనుకుని నిలబడ్డాడు. మంగళ ముగ్గురికీ హక్కులు చదివి వినిపించి రికార్డర్ టేబుల్ మీద పెట్టింది.

"ఎల్సా, లాయర్ వచ్చేదాకా నువ్వేమీ చెప్పక్కర్లేదు. విను చాలు. గుండె, కార్జం బొగ్గుల మీదున్నాయి. మరి చేప ఏమైంది?"



ఇక్కడి దుకాణంలో చేప కొంటే కడుపు శుభ్రం చేసే ఇస్తారని చెప్పింది మంగళ. గుండె, కార్జం కావాలంటే శుభ్రం చెయ్యొద్దని ప్రత్యేకంగా అడగాలి. పొద్దున్న ఏడింటికి ఫుట్‌స్క్రే మార్కెట్‌కి వెళ్లి నాలుగు దుకాణాల్లో అడిగింది. మూడోవాడికి గుర్తుంది. శనివారం తొమ్మిదిన్నరకి నర్సు యూనిఫాం వేసుకున్న ఇండియన్ ఆంటీ. ఎప్పుడూ ముక్కలు కొట్టించుకునే మనిషి ఆ రోజు కత్తి పెట్టనివ్వలేదు. మూడు కేజీల బారముండి ఉన్నదున్నట్టు పట్టుకెళ్లింది.

"నిన్న నాకు పెట్టిన పులుసు నిన్నటిదన్నారు ఆంటీ. ఆదివారం నాడు నిన్నటిదంటే శనివారంది. పాతికేళ్లుగా శనివారం పొయ్యి వెలిగించని ఇల్లు ఇది. శనివారం సాయంత్రం నుంచి ఆదివారం మధ్యాహ్నం దాకా ఇల్లు పోలీసుల చేతుల్లో ఉంది. అంటే రెండింటికి ముందే వండారు. ఎల్సా చేప ముట్టదు. ఆయన ఉపవాసం."

సుగుణకుమారి తన చేతులకేసి చూసుకుంది.

"పెళ్లికి ముందు మీరు ఆర్.సి.ఎం., కేథలిక్కులు కదా ఆంటీ?"

ఆ మాటతో ఎల్సా కళ్లు మూసుకుంది. గూగుల్ కాదు. చిన్నప్పుడు పక్కలో పడుకోబెట్టుకుని అమ్మ చెప్పిన కథ. తండ్రి వినకుండా గుసగుసగా చెప్పేది. ఆ కథనే ఆ పిల్ల గేమ్‌లో పెట్టింది. రెండు రోజులుగా అందుకే నోరు కట్టేసుకుని కూర్చుంది.

"షీ డిడ్‌న్ట్ డూ ఎనీథింగ్," అంది ఎల్సా. "ఐ డిడ్ ఇట్. రైట్ ఇట్ డౌన్."

"నువ్వూరుకో," అంది తల్లి.

ఆయనే పొగ పెట్టుకుని పోయాడని అందరూ అనుకుంటారనుకున్నానని చెప్పింది. పోస్టర్ ఆయనే గుచ్చాడు, పక్కన పొగ ఉంటే సరిపోతుందనుకుంది. ఆ కథ ఆయన బైబిల్లో లేదన్న సంగతి ఆ కంగారులో తట్టనేలేదు. మాత్రలు బాత్‌రూమ్ బీరువాలో చేతికి దొరికినవి తీసింది. పాప పేరు మీద ఉన్నాయని చూసుకోలేదు.

"చేప ఎందుకు పారెయ్యలేదు ఆంటీ?"

సుగుణకుమారి ఇప్పుడు మొదటిసారి తడబడింది.

"మూడు కేజీల పండుగప్పండి," అంది. "చెయ్యి రాలేదు."

బ్రెట్‌కి ఆ మాట అనువాదం చేసి చెప్పాలి. మంగళ వెంటనే చెప్పలేకపోయింది. మొగుణ్ణి చంపడానికి వచ్చిన చెయ్యి చేప పారెయ్యడానికి రాలేదు. తన అమ్మమ్మకీ వచ్చేది కాదు.

ఎల్సా తల్లి చెయ్యి పట్టుకుంది. పుట్టి బుద్ధెరిగాక తల్లి ఏమడిగినా ఇంగ్లిషులోనే జవాబు చెప్పే పిల్ల.

"ఎందుకు చేశావమ్మా?" అంది తెలుగులో.

"మూడు శనివారాలు చూశాను గదే. నీ అరుపులు ఆ ఫోమ్‌లోంచి కూడా నాకు వినపడ్డాయి. ఈ వారం నలభై గంటలు కట్టేసి ఉంచాలన్నారు. నీళ్లు కూడా ఇవ్వొద్దన్నారు." తల తిప్పి గుమ్మం వైపు చూసింది. "నాలుగింటికి తాడు తెస్తానన్నాడు వీడు."

మార్క్ నేల చూపులు చూశాడు. అంతా మామయ్యే చెప్పాడండి అన్నాడు. పాప మంచికేనన్నాడు. మంగళ అతని చేతులు జేబుల్లోంచి బయటికి తీయమంది. నిన్న సాయంత్రం ఫోరెన్సిక్ వాళ్లు అతని బ్యాగులోని నైలాన్ తాడు మీద ఎల్సా చర్మం దొరికిందని మెసేజ్ పెట్టారు. బ్రెట్ అతన్ని ముందుగదిలోకి తీసుకెళ్లాడు.

11:15. సుగుణకుమారి చెప్పులు వేసుకుంది. గుమ్మం దగ్గర ఆగి, ఫ్రిజ్‌లో పప్పుంది, వేడి చేసుకుని తిను అని కూతురికి చెప్పింది. పులుసు గిన్నె ముట్టుకోవద్దని కూడా చెప్పింది. ఎల్సా తల ఊపింది. ఊపుతూనే ఉంది.

గిన్నెని మంగళ ఎవిడెన్స్ బ్యాగులో పెట్టి సీల్ చేసింది. లేబుల్ మీద తేదీ, టైం రాసింది. స్టేట్‌మెంట్‌లో తను రెండు ముద్దలు తిన్న సంగతి కూడా రాయాలి. రాస్తే తన మీద ఇంక్వైరీ తప్పదు. రాయకపోతే కేసు నిలబడదు. కేసు నిలబడితే సుగుణకుమారి జైలుకి పోతుంది.

కారులో వెనక సీట్లో సుగుణకుమారి ఒక్కటే అడిగింది.

"పులుసులో ఉప్పు సరిపోయిందా అమ్మా? ఆ రోజు ఉపవాసం గదా, నేను రుచి చూడలేదు."

సరిపోయిందని చెప్పింది మంగళ. చెప్పాక, కారు స్టార్ట్ చెయ్యడానికి చాలాసేపు పట్టింది.